ఇంటి కుండీలో పెరిగిన పుదీనాతో పెప్పర్‌మింట్ టీ: కప్పులో చల్లదనం ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: కుండీతోట

అందరికీ నమస్కారం. రాత్రి భోజనం తరువాత ఒక కప్పు పెప్పర్‌మింట్ టీ తాగడం నాకు రెండేళ్ళుగా అలవాటు. అందులో కెఫీన్ ఉండదు కాబట్టి నిద్రకు అడ్డు రాదు. అంతకన్నా ముఖ్యంగా, టీ వేడిగానే ఉన్నా గుక్క దిగిన తరువాత నాలుక మీదా గొంతులోనూ చల్లని గాలి సోకినట్టు అనిపించే ఆ అనుభవం నాకు ఎంతో ఇష్టం. ఇన్నాళ్ళూ డబ్బాలో వచ్చే ఎండు ఆకునే వాడాను. దగ్గరలో పండిన తాజా ఆకుతో చేసుకుంటే ఇంకా బాగుంటుందన్న ఆశతో, ఒక పరిచయస్థురాలి పెరటి నుంచి వేళ్ళున్న నాలుగు పుదీనా కొమ్మలు తెచ్చి కుండీలో నాటాను. మూడు నెలల్లో కుండీ నిండిపోయింది. ఆకు నిగనిగలాడుతోంది, తుంచితే వాసన గుప్పుమంటోంది.

చిక్కంతా కప్పులోనే ఉంది. గుప్పెడు ఆకులు నీళ్ళలో వేసి, రంగు దిగేవరకు పది నిమిషాలపాటు మరిగించి వడగట్టుకుంటున్నాను. మరుగుతున్నంతసేపూ వంటగది అంతా పరిమళంతో నిండుతుంది, కానీ కప్పులోకి వచ్చేసరికి గడ్డి రుచి, కాస్త వగరు, లేత గోధుమ రంగు మాత్రమే మిగులుతున్నాయి. ఒక తీపి వాసన ఉంటుంది, అది బాగానే ఉంటుంది, అయితే నేను ఎదురుచూసే చల్లదనం దాదాపుగా లేదు. ఆకు ఎక్కువ వేసి చూస్తే వగరే పెరిగింది. ఎండబెట్టి వాడుదామని ఒక రోజు మంచి ఎండలో పరిస్తే, సాయంత్రానికి ఆకు కరకరలాడింది గాని వాసన ఎగిరిపోయింది.

నా కుండీలో ఉన్నది నిజంగా పెప్పర్‌మింటేనా? అదే అయితే లోపం నేను టీ చేసే పద్ధతిలో ఉందా, మొక్కను పెంచే తీరులో ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే కృతజ్ఞురాలినై ఉంటాను.

సమాధానం: పత్రహరితం

కుండీతోట గారికి నమస్కారం. వృక్షశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి మీ మొదటి సందేహానికి మాత్రమే సమాధానం చెబుతాను. మీరు రాసిన ‘తీపి వాసన’ అన్న మాట చూడగానే మీ కుండీలో ఉన్నది పెప్పర్‌మింట్ కాదని, దానికి దగ్గరి బంధువైన స్పియర్‌మింట్ అని నాకు అనిపించింది. పుదీనా అన్నది ఒకే మొక్క పేరు కాదు. మెంథా ప్రజాతిలోని ఎన్నో జాతులను, వాటి సంకరాలను మనం ఆ ఒక్క పేరుతోనే పిలుస్తాము. వంటకు కట్టలుగా అమ్మే పుదీనా చాలా చోట్ల స్పియర్‌మింటే, పెరళ్ళలో చేతులు మారుతూ వచ్చేదీ ఎక్కువగా అదే.

పెప్పర్‌మింట్ పుట్టుక ఆసక్తికరమైనది. నీటి ఒడ్డున పెరిగే మెంథా అక్వాటికాకు, స్పియర్‌మింట్ అనే మెంథా స్పైకాటాకు కలిగిన సంకరం అది. అక్వాటికాలో 96 క్రోమోజోములు, స్పైకాటాలో 48 ఉంటాయి, పెప్పర్‌మింట్‌లో సాధారణంగా 72 కనిపిస్తాయి, అంటే రెండింటిలోనూ సగం సగం కలిసినట్టు. ఇంగ్లండులో దొరికిన ఈ మొక్కను మిరియంలా ఘాటైన రుచి గల పుదీనాగా వర్ణిస్తూ ఆంగ్ల వృక్షశాస్త్రవేత్త జాన్ రే 1696లో నమోదు చేశాడు. 1753లో, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ దానికి మెంథా పైపరీటా అన్న పేరు పెట్టాడు. పేరులోని మిరియం ఆ ఘాటును గుర్తుచేసేదే. లిన్నేయస్ దానిని స్వతంత్ర జాతిగానే భావించాడు, సంకరమని తరువాతి కాలంలో తేలింది.

సంకరం కావడం వల్ల మీకు నేరుగా సంబంధించిన విషయం ఒకటి ఉంది. పెప్పర్‌మింట్ పూస్తుంది గాని మొలకెత్తే గింజ దాదాపుగా పట్టదు. అందువల్ల ‘పెప్పర్‌మింట్ విత్తనాలు’ అని రాసి ఉన్న పొట్లం కొంటే అందులో నుంచి వచ్చేది వేరే పుదీనాయే అవుతుంది. అసలైన పెప్పర్‌మింట్ కావాలంటే తల్లి మొక్క కొమ్మ గాని, వేళ్ళతో ఉన్న పిలక గాని తెచ్చుకోవలసిందే.

ఇక చల్లదనం సంగతి. స్పియర్‌మింట్ పరిమళానికి మూలం కార్వోన్ అనే పదార్థం. అది తీయగా, మృదువుగా ఉంటుంది గాని నోటిని చల్లబరచడంలో, పెప్పర్‌మింట్ చల్లదనానికి మూలమైన మెంథాల్ అనే పదార్థానికి సాటి రాదు. పెప్పర్‌మింట్ నూనెలో మామూలుగా 30 నుంచి 55 శాతం వరకు మెంథాలే ఉంటుంది. మన నోటిలో, చర్మంలో చలిని పసిగట్టే నాడుల చివర టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం ఉంటుంది. చల్లదనం తగిలినప్పుడు తెరుచుకునే ఆ ద్వారాన్ని మెంథాల్ కూడా తెరవగలదు. అంటే మీ కప్పులోని టీ నిజంగా చల్లబడదు, మెదడుకు మాత్రం చల్లగా ఉందన్న కబురు అందుతుంది. 2002లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా మెంథాల్ సాయంతోనే ఈ గ్రాహకాన్ని గుర్తించాయి. ఆ బృందాల నాయకులు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు స్పర్శను, ఉష్ణోగ్రతను శరీరం ఎలా గ్రహిస్తుందో కనుగొన్నందుకు 2021లో నోబెల్ బహుమతి లభించింది. వేడి టీలో చల్లగాలి సోకినట్టు ఉంటుందని మీరు రాసినది కేవలం ఊహ కాదని చెప్పడానికే ఇంత రాశాను.

మీ మొక్కను ఇలా పరీక్షించండి. ఆకు కాండానికి ఎలా అతుక్కుని ఉందో ముందుగా చూడండి. పెప్పర్‌మింట్ ఆకుకు చిన్నదైనా స్పష్టమైన తొడిమ ఉంటుంది. స్పియర్‌మింట్ ఆకు తొడిమ లేకుండా, లేదా లేనట్టే, నేరుగా కాండాన్ని అంటి ఉంటుంది. ఆ తరువాత ఆకు పైభాగాన్ని వేలితో నిమరండి. స్పియర్‌మింట్ ఆకు ముడతలు ముడతలుగా, లేత పచ్చగా ఉంటుంది, పెప్పర్‌మింట్ ఆకు కొంత నునుపుగా, ముదురు రంగులో ఉంటుంది. పెప్పర్‌మింట్‌లో కాండానికీ ఈనెలకూ ఊదా ఛాయ తరచుగా కనిపిస్తుంది, అయితే పచ్చని కాండం గల రకాలు కూడా ఉన్నందున రంగు ఒక్కదాన్నే నమ్మకండి. కాండం నాలుగు పలకలుగా ఉండడం రెండింటికీ సమానమే, దానివల్ల తేడా తెలియదు. చివరగా ఒక ఆకును నమిలి, నోరు తెరిచి గాలి లోపలికి పీల్చండి. మెంథాల్ ఉంటే ఆ క్షణంలోనే తెలుస్తుంది.

కుండీ మొక్క కాకుండా ఎక్కడో తడి నేలల్లో దానంతట అదే పెరిగిన పుదీనాను తెచ్చి టీ చేసుకునేవారికి మాత్రం ఒక హెచ్చరిక. పెన్నీరాయల్ అనే మెంథా పులీజియం కూడా పుదీనా వాసనే వేస్తుంది, కానీ దాని నూనెలో అధికంగా ఉండే పులిగోన్ కాలేయానికి హాని చేస్తుంది. ఏ మొక్కో గట్టిగా తెలియనిదే నోట పెట్టకూడదు.

సమాధానం: మూతపెట్టిన కప్పు

మొక్క ఏదైనా సరే, టీ చేసే పద్ధతిలో లోపం ఉందని నేను నమ్మకంగా చెప్పగలను. మరిగించినంతసేపూ వంటగది పరిమళంతో నిండుతుందని కుండీతోట గారు రాశారు. కప్పులో ఉండవలసినది అదే. అది గాలిలో కలిసిపోయిన తరువాత గిన్నెలో మిగిలే గడ్డి రుచినీ వగరునూ వారు తాగుతున్నారు.

పుదీనా నూనె ఆకు లోపలి కండలో ఉండదు. ఆకు ఉపరితలం మీద, ముఖ్యంగా అడుగువైపున, కంటికి చుక్కల్లా కనిపించీ కనిపించనట్టుండే గ్రంథుల్లో పలుచని పొర కింద నిలువ ఉంటుంది. ఆకును వెలుతురుకు అడ్డంగా పెట్టి భూతద్దంతో చూస్తే మెరిసే బిందువుల్లా కనిపిస్తాయి. వేడి తగలగానే ఆ పొర చిట్లి నూనె బయటికి వస్తుంది, వచ్చిన వెంటనే ఆవిరితో పాటు పైకి లేస్తుంది. నూనె తీసే కర్మాగారాల్లో చేసేది కూడా ఇదే పని. ఆకులోకి ఆవిరిని పంపి, పైకి వచ్చిన ఆవిరిని చల్లార్చి నూనెను వేరు చేస్తారు. మూత లేని గిన్నెలో పది నిమిషాలు మరిగించడం అంటే నూనెను ఆకు నుంచి వేరు చేసి గాలికి వదిలేయడమే. ఇంత మంచి ఆకును ఇష్టంగా పెంచుకుని, అందులోని సారమంతా పోగొట్టుకోవడం బాధాకరం కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా కప్పును వేడినీళ్ళతో ఒకసారి తొలిచి పారబోయండి. చల్లని పింగాణీ టీలోని వేడిని లాగేసుకుంటుంది. ఎండు ఆకు అయితే 150 మిల్లీలీటర్ల నీటికి గ్రామున్నర నుంచి మూడు గ్రాముల వరకు చాలు. తాజా ఆకులో ఎక్కువ భాగం నీరే కాబట్టి అదే బలం రావాలంటే దాదాపు ఐదు రెట్లు, అంటే ఎనిమిది నుంచి పదిహేను గ్రాముల వరకు కావాలి. తూకం లేనివారు వదులుగా పట్టిన గుప్పెడుతో మొదలుపెట్టి రుచిని బట్టి మార్చుకోవచ్చు. ఆకును కడిగి నీళ్ళు దులిపి, అరచేతుల మధ్య ఒక్కసారి మెత్తగా నొక్కండి. దంచకండి, నలిపి ముద్ద చేయకండి. ఆకు కండ చితికితే ఆకుపసరు దిగి గడ్డి రుచి వస్తుంది, మనకు కావలసినది పై గ్రంథులు తెరుచుకోవడం మాత్రమే.

నీళ్ళు తెర్లిన తరువాత పొయ్యి ఆపి, వెంటనే ఆకు మీద పోసి, వెనువెంటనే మూత పెట్టండి. తేయాకు రకాలు కొన్ని మరుగు నీటిని తట్టుకోలేవు గాని పుదీనాకు ఆ బెంగ లేదు, మరుగు నీరే మంచిది. ఐదు నిమిషాలకు పరిమళం దిగుతుంది, పది నిమిషాలకు కొంచెం గాఢత వస్తుంది. అంతకు మించి ఉంచితే పాలీఫినాల్స్ ఎక్కువగా దిగి వగరు మొదలవుతుంది. గాఢంగా కావాలనుకుంటే సమయం పెంచడం కన్నా ఆకు పెంచడం మేలు. మూత తీసేటప్పుడు దాని అడుగున చేరిన నీటి బొట్లను కప్పులోకే జారనివ్వండి. పైకి లేచి, మూతకు తగిలి చల్లారిన నూనె కొంత ఆ బొట్లలో ఉంటుంది. ఎవరైనా ఆ బొట్లను పక్కకు విదిలించడం చూస్తే నేను ఆపకుండా ఉండలేను.

రంగు గురించి ఆరాటపడకండి. తాజా ఆకుతో చేసిన మంచి పుదీనా టీ లేత పసుపు కలిసిన పచ్చగా, దాదాపు నీళ్ళలా ఉంటుంది. ముదురు రంగు వచ్చేవరకు మరిగించాలన్న ఆలోచన తేయాకు నుంచి వచ్చింది, పుదీనాలో రంగుకూ రుచికీ అంత సంబంధం లేదు.

సమాధానం: నిదానం

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను, అయితే మరిగించడం పూర్తిగా తప్పన్నట్టు చెప్పడం నాకు సమ్మతం కాదు. ఆకులో నూనెతో పాటు రోస్మరినిక్ ఆమ్లం వంటి నీటిలో కరిగే పదార్థాలు కూడా ఉంటాయి, టీకి నాలుక మీద నిలిచే బరువును ఇచ్చేవి అవే. నేను కాడలను విడిగా తీసి, మూత పెట్టిన గిన్నెలో సన్నని మంట మీద నాలుగైదు నిమిషాలు కాచి, పొయ్యి ఆపిన తరువాతే ఆకులు వేసి మళ్ళీ మూత పెడతాను. కాడల్లో నూనె చాలా తక్కువ కనుక వాటిని మరిగించడం వల్ల పోయేది పెద్దగా ఉండదు, రుచికి మాత్రం కొంత నిండుతనం వస్తుంది. సున్నితమైన పరిమళం మాత్రమే కోరేవారికి ఇది నచ్చకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: కుండీతోట

అందరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం ఆకులను దగ్గరగా పరిశీలించాను. తొడిమ అసలు లేదు, ఆకు ముడతలుగా ఉంది, కాండం పూర్తిగా పచ్చగా ఉంది. నమిలి గాలి పీల్చినా తీపి పరిమళమే తప్ప చల్లదనం తెలియలేదు. పత్రహరితం గారు చెప్పినట్టు ఇది స్పియర్‌మింటే అనుకుంటాను. మొదట కొంచెం నిరాశ కలిగింది. అయితే అదే ఆకును మరిగించకుండా, మూత పెట్టి ఏడు నిమిషాలు ఉంచి తాగితే, ఇన్నాళ్ళూ నేను తాగినది ఈ మొక్క ఆకేనా అన్నంత తేడా కనిపించింది. గడ్డి రుచి లేదు, వగరు లేదు. తేనె కలపకుండానే తీయగా అనిపించింది. ఈ మొక్కను తీసివేయను. దీనితో పాటు అసలైన పెప్పర్‌మింట్‌ను కూడా పెంచాలని నిశ్చయించుకున్నాను. కొమ్మ ఎలా ఎంచుకోవాలో, ఎప్పుడు కోస్తే చల్లదనం ఎక్కువగా ఉంటుందో, ఎండబెట్టడం ఎలాగో కూడా చెప్పగలరా?

సమాధానం: మట్టిచేతులు

పెప్పర్‌మింట్‌ను పదేళ్ళుగా కుండీల్లో పెంచుతున్నాను. మొదటగా ఒక విన్నపం: రెండు పుదీనాలను ఒకే కుండీలో నాటవద్దు. పక్కపక్కన పెరిగితే వాటి వాసనలు కలిసిపోతాయని కొందరు అంటారు గాని అది నిజం కాదు. పరాగ సంపర్కం వల్ల మార్పు వస్తే గింజల నుంచి పుట్టే మొక్కల్లో వస్తుందే తప్ప, ఉన్న మొక్క ఆకుల్లో రాదు. అసలు ఇబ్బంది వేరే. మట్టి పైనా లోపలా పాకే కాండాలతో పుదీనా విస్తరిస్తుంది, బలమైన రకం బలహీనమైనదాన్ని మింగేస్తుంది, కొన్నాళ్ళకు ఏ ఆకు దేనిదో తెలియకుండా పోతుంది. ‘పెప్పర్‌మింట్ మారిపోయి మామూలు పుదీనా అయింది’ అన్న ఫిర్యాదుల వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

కొమ్మను ఎంచుకునే ముందు ఒక ఆకు నమిలి చూడడానికి అనుమతి అడగండి, పేరు రాసిన చీటీ కన్నా మీ నాలుకే నమ్మకమైన సాక్షి. పూత రాని, ఆరోగ్యంగా ఉన్న కొమ్మను కణుపు కింద కోసి, అడుగు ఆకులు తీసేసి నీళ్ళలో ఉంచితే ఒకటి రెండు వారాల్లో వేళ్ళు వస్తాయి. ఆకు అడుగున నారింజ లేదా గోధుమ రంగు పొడి చుక్కలు ఉంటే ఆ మొక్కను అసలు తీసుకోకండి. అది తుప్పు తెగులు, పుక్సీనియా మెంథే అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. కుండీలోకి వచ్చిందంటే వదిలించుకోవడం కష్టం. తెగులు ఉన్న ఆకును టీకి కూడా వాడకూడదు.

కుండీ లోతు కన్నా వెడల్పు ముఖ్యం. మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి, అయితే నీరు నిలవకూడదు. కుండీ అంచుల వెంట పాకే కాండాలు చుట్టుకుపోయి నడుమ బోసిపోవడం ఏడాదికి ఒకసారైనా జరుగుతుంది, అప్పుడు మొక్కను బయటికి తీసి విడదీసి, కొత్త మట్టిలో లేత పిలకలను నాటాలి. నీడలో కూడా పుదీనా పెరుగుతుంది, ఆకు వెడల్పుగా, లేతగా, కంటికి ఇంపుగా ఉంటుంది, కానీ వెలుతురు బాగా తగిలిన మొక్కలోనే నూనె ఎక్కువ. నత్రజని ఎరువు విషయంలోనూ అంతే. ఎక్కువగా వేస్తే ఆకు విరివిగా వస్తుంది గాని పరిమళం పలుచబడుతుంది. ఆకు నేరుగా కప్పులోకి వెళ్ళేది కాబట్టి పురుగు మందులు చల్లకపోవడమే ఉత్తమం, వాహనాలు తిరిగే దారి పక్కన గాని మురుగు నీరు పారే చోట గాని పెరిగిన ఆకును వాడకపోవడం అంతకన్నా ముఖ్యం. మరిగే నీరు సూక్ష్మజీవులను చంపగలదు, ఆకులో చేరిన సీసం వంటి లోహాలను తొలగించలేదు.

ఇక కోత. ఈ విషయంలో చాలామంది లేత చిగుళ్ళే శ్రేష్ఠమనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే కోసేవాణ్ణి, టీ ఎందుకు ఘాటుగా ఉండి చల్లగా ఉండడం లేదో అర్థమయ్యేది కాదు. లేత ఆకులో మెంథోన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది, ఆకు ముదిరేకొద్దీ ఆ మెంథోన్ మెంథాల్‌గా మారుతుంది. కాబట్టి ఒకే కొమ్మ మీద చివరి చిగురుకూ నడిమి ఆకుకూ రుచిలో తేడా ఉంటుంది. చల్లదనం కావలసినవారు చిగురును వదిలి, దాని కింద బాగా విచ్చుకున్న ఆకులను తీసుకోవాలి. మరీ అడుగున పసుపెక్కిన ఆకులు పనికిరావు. పూలు విరివిగా విచ్చుకున్న తరువాత మెంథోఫ్యూరాన్ అనే పదార్థం పెరిగి రుచి మొరటుగా మారుతుంది, అందుకే మొగ్గలు తొడిగే సమయానికి, పూత తెరుచుకోకముందే కోయడం మంచిది. ఉదయం మంచు ఆరిన తరువాత, ఎండ ముదరకముందు కోస్తాను. మట్టికి రెండు మూడు అంగుళాల ఎత్తులో, కణుపుకు కొంచెం పైన కత్తిరిస్తే ప్రతి కణుపు నుంచి రెండేసి కొత్త కొమ్మలు వస్తాయి.

పగటి పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. పెప్పర్‌మింట్ దీర్ఘమైన పగళ్ళను కోరే మొక్క. పగలు తక్కువగా ఉండే కాలంలో అది పూత మాని పాకే కాండాలు వేస్తూ నేలబారుగా పెరుగుతుంది, నూనెలో మెంథాల్ తగ్గి మెంథోఫ్యూరాన్ పెరుగుతుంది. ఏడాదిలో కొన్ని నెలలు మీ టీ రుచి మారితే మీ చేతిలో లోపం వెతుక్కోవద్దు. ఆ నెలల కోసమే పగళ్ళు పొడవుగా ఉన్నప్పుడు కోసి ఎండబెట్టి ఉంచుకోవాలి.

సమాధానం: మూతపెట్టిన కప్పు

ఎండబెట్టడం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి మళ్ళీ వచ్చాను. నూనె ఆకు పైపొర మీదే ఉంటుందని ముందే చెప్పాను, నేరుగా తగిలే ఎండ చేసే నష్టం అందుకే అంత ఎక్కువ. గాలి ఆడే నీడలో, ఆకు మీద ఆకు పడకుండా జల్లెడ మీదో పలుచని గుడ్డ మీదో పరిచి, రోజుకు ఒకసారి తిరగవేయండి. యంత్రంలో ఆరబెట్టేవారు 40 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు. ఆకు వంగకుండా పెళుసుగా విరిగి, ఈనె కూడా టక్కున తెగితే ఆరినట్టు. ఏమాత్రం చెమ్మ మిగిలినా డబ్బాలో బూజు పడుతుంది. నూరు గ్రాముల తాజా ఆకు ఎండితే ఇరవై గ్రాముల లోపే మిగులుతుందని ముందుగానే అనుకోండి, లేకపోతే నిరుత్సాహం కలుగుతుంది.

ఎండిన ఆకును పొడి చేసి దాచకండి. ఔషధాల నాణ్యతా ప్రమాణాలను నిర్దేశించే యూరోపియన్ ఫార్మకోపియా ప్రకారం పూర్తి ఆకులో కిలోకు కనీసం 12 మిల్లీలీటర్ల నూనె ఉండాలి, తరిగిన ఆకుకు మాత్రం 9 మిల్లీలీటర్లు ఉన్నా అంగీకరిస్తారు. తరగడంతోనే ఎంత పోతుందో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. ఆకును ఆకుగానే గాలి చొరని, వెలుతురు పడని డబ్బాలో ఉంచి, నీళ్ళు మరిగే సమయానికి చేత్తో చిదిమి కప్పులో వేసుకోవాలి. తాజా ఆకు టీలో పచ్చిదనం, తేలికదనం ఉంటాయి, సరిగ్గా ఆరిన ఆకులో చల్లదనం గాఢంగా, సూటిగా ఉంటుంది. నాకు రెండూ ఇష్టమే గాని ఒక్కటే ఎంచుకోమంటే ఎండినదాన్నే ఎంచుకుంటాను.

సమాధానం: పత్రహరితం

కుండీతోట గారు రోజూ భోజనం కాగానే తాగుతున్నామని రాశారు, అందువల్ల ఆరోగ్యానికి సంబంధించిన మూడు నాలుగు మాటలు చేర్చడం నా బాధ్యత అనిపించింది. అజీర్ణానికీ కడుపు ఉబ్బరానికీ పెప్పర్‌మింట్ ఆకు టీని సంప్రదాయ ఔషధంగా యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ గుర్తించింది. పెద్దవారికి అది సూచించే మోతాదు ఒక్కోసారికి 1.5 నుంచి 3 గ్రాముల ఆకు చొప్పున రోజుకు మూడుసార్లు. పెప్పర్‌మింట్ నూనె గుళికల మీద జరిగిన పరిశోధనల ఫలితాలను టీకి ఆపాదించకూడదు, గుళికలోని నూనె మోతాదు వేరు, కప్పులోనిది వేరు.

ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవారికి పెప్పర్‌మింట్ మేలు కన్నా ఇబ్బంది ఎక్కువగా కలిగించవచ్చు. అన్నవాహిక చివర ఉండే కండరాన్ని అది సడలిస్తుంది, ముఖ్యంగా తాగిన వెంటనే పడుకుంటే ఆమ్లం పైకి వస్తుంది. పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి తాగాలి. శిశువులకు, రెండేళ్ళ లోపు పిల్లలకు మెంథాల్ ఉన్న నూనెలను ముక్కు దగ్గర, ముఖం మీద రాయకూడదు, శ్వాస బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

రక్తహీనత ఉన్నవారు గమనించవలసినది మరొకటి. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో, రొట్టెతో కూడిన భోజనంతో పాటు పెప్పర్‌మింట్ టీ తాగినప్పుడు అందులోని ఇనుమును శరీరం గ్రహించడం 84 శాతం తగ్గింది. అందుకు కారణం ఆకులోని పాలీఫినాల్స్. ఇనుము కొరత లేనివారు దీనికి భయపడనక్కరలేదు. కొరత ఉన్నవారు భోజనానికీ టీకీ మధ్య గంట, రెండు గంటలు విడిచిపెడితే మంచిది.

ప్రశ్న అడిగినవారు: కుండీతోట

రెండు నెలల తరువాత మళ్ళీ రాస్తున్నాను, ఇంత శ్రద్ధగా సమాధానం చెప్పినవారికి ఫలితం తెలియజేయకపోతే బాగుండదు. ముగ్గురి మొక్కల ఆకులు నమిలి చూసిన తరువాత నాలుగో చోట పెప్పర్‌మింట్ దొరికింది. తొడిమ ఉంది, కాండం ఊదా రంగులో ఉంది, గాలి పీల్చగానే నోరంతా చల్లబడింది. కొమ్మకు నీళ్ళలో తొమ్మిదో రోజున వేళ్ళు వచ్చాయి. స్పియర్‌మింట్ కుండీకి దూరంగా వేరే వెడల్పాటి కుండీలో నాటాను. మొన్న ఆదివారం మొదటి కోత కోశాను, చిగుళ్ళను వదిలి నడిమి ఆకులే తీసుకున్నాను.

రెండు కప్పులు పక్కపక్కన పెట్టి, రెండింటికీ మూత పెట్టి, ఒకే సమయంపాటు ఉంచి తాగాను. స్పియర్‌మింట్ కప్పు తీయగా, మెత్తగా ఉంది, మధ్యాహ్నం చల్లార్చి తాగడానికి అది బాగుంటుందని తోచింది. పెప్పర్‌మింట్ కప్పు మూత తీయగానే కళ్ళకు తగిలింది. రెండో గుక్కకు ముక్కు లోపలి వరకు చల్లదనం పాకింది, కప్పు ఇంకా చేతికి వేడిగానే ఉంది. నిదానం గారు చెప్పినట్టు కాడలు కాచి కూడా చూశాను. నాకు ఆకు ఒక్కటే నచ్చింది, మా అమ్మకు మాత్రం కాడలతో చేసినదే నచ్చింది. అమ్మకు రక్తహీనత ఉంది కాబట్టి తన కప్పును భోజనానికి రెండు గంటల తరువాతకు జరిపాము. మొదటి కోతలో సగం ఆకు ఇప్పుడు నీడలో జల్లెడ మీద ఆరుతోంది. ఈనెలు ఇంకా వంగుతున్నాయి, మరో రెండు రోజులు పట్టేలా ఉంది.